ఖరగ్‌పూర్‌లో తప్పిన బండికి జవాబుదారీ ఎవరు?

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరా నుంచి శ్రీకాకుళం బయలుదేరే ఇంట్లో టికెట్టు బెంగ కన్నా, బండి మారవలసిన ఖరగ్‌పూర్ బెంగ ఎక్కువ. అరవై రోజుల ముందు కాచుకుని కూచుంటే టికెట్టు దొరుకుతుంది. టాటానగర్‌లో ఎక్కిన లోకల్ ఖరగ్‌పూర్‌కి ఏ వేళకి చేరుతుందో మాత్రం చెప్పగలిగిన మనిషి దొరకడు. అందుకే సాయంత్రం బండికి పొద్దున్నే, పొద్దుటి బండికి ముందు రోజు రాత్రే ఇల్లు కదలాలి. పిల్లల్ని నిద్ర లేపి, ముసలివాళ్ళకి మాత్రలు మూట కట్టి, మధ్యాహ్నానికి పులిహోర, సాయంత్రానికి చపాతీలు డబ్బాల్లో సర్దుకుని, ఆటో మాట్లాడుకుని స్టేషనుకి చేరాలి. బండి అందుకున్నవాళ్ళకి కూడా దీని ఖరీదు తప్పదు. 134 కిలోమీటర్ల దూరానికి ఒక పూటంతా పణం పెట్టి, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద గంటల తరబడి దుప్పటి పరుచుకుని పడి ఉంటారు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఏళ్ళు, ఎన్ని వేల పూటలు ఇలా పోయాయో ఎవరైనా ఒక్కసారైనా లెక్క కట్టారా?

జంషెడ్‌పూర్‌లో మేం నిన్న మొన్న వచ్చినవాళ్ళం కాదు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. 1919లో సాక్చీ ఊరు జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. ఆ కొలుముల దగ్గర చెమటోడ్చినవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నాం, కదమాలో బడి పెట్టుకున్నాం. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. అయినా పెళ్ళి సంబంధాలు, చావు కబుర్లు, సంక్రాంతి, దసరా తర్వాత విజయనగరం పైడితల్లి సిరిమాను, అన్నీ అటువైపే. మధ్యలో ఉన్నవి ఈ పట్టాలు. ఈ పట్టాల మీద మాకున్న హక్కు ఏమిటని అడిగితే, టికెట్టు కొనుక్కునే హక్కు ఒక్కటే కనబడుతోంది.

ఒకప్పుడు ఇలా లేదు. అలెప్పీ బండి అనేవాళ్ళం దాన్ని. ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌కి టాటానగర్ నుంచి లింకు పెట్టెలు ఉండేవి. మన పెట్టెలు ఇక్కడ బయలుదేరి రూర్కెలా చేరేవి. అక్కడ ధన్‌బాద్ నుంచి వచ్చిన బండికి వాటిని తగిలించేవారు. అర నిద్రలో ఒక కుదుపు తెలిసేది, కిటికీ బయట పచ్చ దీపం ఊపుకుంటూ ఒకాయన నడిచేవాడు. పక్క బెర్తులో ఉన్న పెద్దమ్మ "తగిలించేరా?" అని అడిగి అటు తిరిగి పడుకునేది. సంబల్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ దాటి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. ఎక్కినచోట ఎక్కితే దిగేచోటే దిగడం. రెండు బళ్ళని కలిపే పూచీ అప్పుడు రైల్వేది. ధన్‌బాద్ బండి ఆలస్యమైతే మా పెట్టెలు ఆగేవి, మా పెట్టెలు ఆలస్యమైతే ఆ బండి ఆగేది. ఎందుకంటే పెట్టెని వదిలేసి వెళ్తే జవాబు చెప్పుకోవలసినవాడు ఒకడుండేవాడు.

కరోనా మూసివేతతో బళ్ళన్నీ ఆగిపోయాయి. మళ్ళీ కదిలినప్పుడు లింకు పెట్టెల పద్ధతికి స్వస్తి చెప్పారు. షంటింగుకి సమయం పడుతోందన్నారు, కొత్త రకం పెట్టెలతో కుదరదన్నారు. సరే, ఇంజనీరింగ్ కారణాలు ఉంటాయి, కాదనను. దాని బదులు టాటానగర్ నుంచి ఎర్నాకుళం బండి వేశారు, అందులో చోటు అందరికీ దొరకదు. విశాఖే గమ్యంగా ఇక్కడ బయలుదేరే బండి వారానికొక్కటే. చావుకీ కాన్పుకీ వారాలు చూసుకోమంటారా? చోటు దొరకనివాళ్ళకి దిక్కు ఖరగ్‌పూరే. పెట్టె చేసే ప్రయాణాన్ని ఇప్పుడు మనిషి నెత్తిన పెట్టారు. రూర్కెలాలో పెట్టె కోసం ఆగిన రైల్వే, ఖరగ్‌పూర్‌లో మనిషి కోసం ఆగదు.

ఖరగ్‌పూర్ దారి ఎలా ఉంటుందో ఈ దారిన పోనివాళ్ళకి చెప్పాలి. పొద్దున్నే హౌరా పోయే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అందులో చోటు దొరికితే అదృష్టం. మిగతావాళ్ళకి లోకలో, పాసింజరో. టాటానగర్ దాటీ దాటకముందే సాల్గాజుడీ దగ్గర ఒక నిలుపు. ఆసన్‌బనీ, రాఖా మైన్స్, గాలూడీ, ఘాట్‌శిల, ధాల్‌భూంగఢ్, చాకూలియా. ఏ స్టేషన్లోనైనా లూప్ లైనులోకి మళ్ళిందంటే బండిలో అందరికీ అర్థమైపోతుంది, వెనకాల గూడ్సు వస్తోందని. ఒకటి పోతుంది. రెండోది పోతుంది. పల్లీలమ్మే కుర్రాడు పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు తిరుగుతాడు. ఝార్‌గ్రామ్ దాటి, సర్దిహా, ఖేమాసులీ, కలైకుండా దాటి, హమ్మయ్య వచ్చేశాం అనుకునే వేళకి నింపురా వస్తుంది. నింపురా అంటే పెద్ద గూడ్సు యార్డు. ఇక్కడ ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఖరగ్‌పూర్ కూతవేటు దూరంలో ఉంటుంది. మనం ఎక్కవలసిన బండి హౌరా వైపు నుంచి వచ్చి ప్లాట్‌ఫాం మీద నిలబడినట్టు ఫోన్లో కనబడుతూ ఉంటుంది. ఇక్కడ సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. కుర్రవాళ్ళు పట్టాల మీదకి దూకి, సంచులు భుజాన వేసుకుని కంకర మీద పరిగెడతారు. అది ప్రాణాపాయమని వాళ్ళకి తెలియక కాదు. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ ఉండిపోతారు. తీరా చేరాక, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని గొప్పగా చెప్పుకున్నది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి సామానుతో ఆ చివర నుంచి ఈ చివరకి నడిస్తే ఎంతసేపు పడుతుందో ఆ గొప్ప చెప్పుకున్నవాళ్ళు ఒకసారి నడిచి చూడాలి.

గూడ్సు బళ్ళు దేశానికి అక్కర్లేదని నేననను. ఈ ఊరే ఇనుప ఖనిజం మీద బతికే ఊరు. నోవాముండి నుంచి, గువా నుంచి ఖనిజం రాకపోతే మా ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. 2023-24లో భారతీయ రైల్వే మోసిన సరుకు 159 కోట్ల టన్నులు. ఆదాయంలో సింహభాగం సరుకు రవాణాదే. ఆ సంఖ్యని ప్రతి ఏడూ పత్రికల్లో ప్రకటిస్తారు, రికార్డు అంటారు. బొగ్గు టన్నుకి లెక్క ఉంది. పాసింజరులో కూర్చున్న మనిషి గంటకి లెక్క లేదు. బండి వేళకి నడిచిందా లేదా అన్న శాతాలు వేస్తారు, ఆ శాతాలు బండివి. ఇవాళ ఖరగ్‌పూర్‌లో ఎంతమందికి పై బండి తప్పిపోయింది అని రాసే గడి ఏ నివేదికలోనూ నా కంటపడలేదు. ఆ గడి ఉంటే రోజూ పొద్దున్నే ఒక అధికారి దాన్ని చూసి తలదించుకోవలసి వచ్చేది. లేదు గనుక ఎవరూ తలదించుకోనక్కర్లేదు.

పై బండి తప్పితే ఏమవుతుంది? ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఒక రూలు వచ్చింది. రెండు పీఎన్నార్లని జత చేసుకుంటే, మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పితే, ప్రయాణం చేయని భాగానికి డబ్బు కోత లేకుండా వాపసు ఇస్తారు. మంచి రూలే. కానీ పీఎన్నార్ ఎవరికుంటుంది? రిజర్వేషన్ చేయించుకున్నవాడికి. లోకల్‌కి, పాసింజరుకి రిజర్వేషనే ఉండదు కదా! కౌంటర్లో ఇచ్చే జనరల్ టికెట్టు మీద పీఎన్నార్ ఉండదు. అంటే రైల్వే తానే ఎక్కువగా ఆలస్యం చేసే బండిలో వచ్చినవాడికి రూలు వర్తించదు. పేదవాడు ఎక్కే బండి పేరే ఆ రూలులో లేదు. రాసినవాళ్ళకి ఇది తట్టలేదా? తట్టినా, పోనీలే అనుకున్నారా?

జనరల్ టికెట్టు ఇచ్చే వ్యవస్థ, రిజర్వేషన్ వ్యవస్థ, ఏ బండి ఎక్కడుందో చూపించే వ్యవస్థ, ఈ మూడింటినీ నడిపేది రైల్వే వారి క్రిస్ సంస్థే. లోకల్ నింపురాలో ఆగి ఉందని దానికి తెలుసు. ఫలానా పెట్టెలో ఫలానా బెర్తుకి ఖరగ్‌పూర్‌లో మనిషి ఎక్కాలని కూడా తెలుసు. రెండూ తెలిసిన యంత్రానికి ఒక్క ప్రశ్న వేసే మనసు పైవాళ్ళకి లేదు. బండి కదులుతుంది. టీటీ చేతిలో యంత్రం మీద 'రాలేదు' అని నొక్కుతాడు. ఆ బెర్తు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి పోతుంది. రైల్వేకి పైసా నష్టం లేదు. టికెట్టు కొన్నవాడు నింపురాలో కిటికీ దగ్గరే ఉన్నాడు.

ఒక జంక్షన్లో, పేరు ఎందుకులెండి, ఎంక్వయిరీ కిటికీ దగ్గర నా ముందు ఒక పెద్దావిడ నిలబడింది. బొబ్బిలి దగ్గర పల్లెలో తమ్ముడు పోయాడట. శవాన్ని ఉంచారు, అక్క రావాలని. ఆవిడ వచ్చిన బండి ఆలస్యమై పై బండి వెళ్ళిపోయింది. హిందీలో సగం, తెలుగులో సగం చెప్పుకుంది. కిటికీ వెనకాల మనిషి తల ఎత్తలేదు. "గాడీ చలీ గయీ" అన్నాడు. తర్వాతి బండి ఎప్పుడని అడిగితే బోర్డు వైపు వేలు చూపించాడు. ఆవిడకి చదువు రాదు. నా వైపు తిరిగి "బాబూ, ఇప్పుడు నానేటి సెయ్యాల?" అంది. బోర్డు చదివి చెప్పాను. మర్నాటి వరకూ ఏదీ లేదు. "అప్పుడికి ఎత్తీసుంటారు" అంది, అంతే. ఆ కిటికీ వెనకాల మనిషిని ఒక్కణ్ణీ తిట్టి లాభం లేదని నాకు తెలుసు. చేయగలిగినదేదీ అతని చేతికి ఇవ్వలేదు. టికెట్టు మీద సంతకం పెట్టి తర్వాతి బండిలో ఎక్కించే అధికారం లేదు, ఫోన్ చేసి బండిని పది నిమిషాలు ఆపమనే అధికారం లేదు. రోజూ అదే మాట చెప్పీ చెప్పీ అతని గొంతులో తడి ఆరిపోయింది. కానీ అధికారం ఉన్నవాళ్ళు, ఆ కిటికీకి దూరంగా చల్లటి గదుల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళ సంగతేమిటి?

బాధ్యత లేదని వాళ్ళు కోర్టులోనే చెప్పారు. 2016లో అజ్మీర్-జమ్మూ బండి నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పింది. ఆ ప్రయాణికుడు వినియోగదారుల ఫోరంకి వెళ్ళాడు. బండి ఆలస్యానికి పూచీ మాది కాదని మా నిబంధనల్లోనే ఉంది అని రైల్వే వాదించింది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. ఆలస్యానికి కారణం తమ చేతిలో లేనిదని రుజువు చేసుకోలేకపోతే పరిహారం కట్టాల్సిందే, ప్రయాణికుల సమయం విలువైనదే అని తేల్చింది. విమానం టికెట్టు కొనగలిగినవాడు, వకీలుని పెట్టుకోగలిగినవాడు అయిదేళ్ళు పోరాడి ముప్ఫై వేల రూపాయల దాకా సాధించుకున్నాడు. జనరల్ టికెట్టు వాడు ఏ కోర్టుకెళ్తాడు? అసలు అతని దగ్గర ఏం రుజువుంది, నలిగిన కాగితం ముక్క తప్ప?

పెద్ద బండిలో వెయ్యి మందికి పైగా ఉంటారు, లోకల్లో వచ్చే నలభై మంది కోసం వాళ్ళని ఆపమంటావా అని అడుగుతారు. గంటలు ఆపమని ఎవరూ అడగలేదు. ఖరగ్‌పూర్ ముందు చివరి ఇరవై కిలోమీటర్లలో కనెక్షన్ ఉన్న లోకల్‌ని ముందు వదిలి గూడ్సుని వెనక వదలండి. దానికి పైసా ఖర్చు లేదు. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి దేశమంతటా బళ్ళని ఒకదానికొకటి అందేలా వేళలు కట్టి నడుపుతున్నారు. జంక్షన్‌కి బళ్ళన్నీ కాస్త అటూ ఇటూగా చేరతాయి, మనుషులు మారతారు, బళ్ళు బయలుదేరతాయి. చిన్న దేశం, గూడ్సు తక్కువ, డబ్బున్నవాళ్ళు అంటారు. నిజమే. కానీ రెండు బళ్ళ మధ్య మనిషి ఉన్నాడని గుర్తుంచుకోవడానికి డబ్బెందుకు?

డబ్బు లేదని కూడా అనలేం. 2024 సెప్టెంబరు 15న ప్రధాని జెండా ఊపిన వందే భారత్ బళ్ళలో టాటానగర్-బరంపురం బండి ఒకటి. ఆ వార్త విన్న రోజు మా వీధిలో మిఠాయిలు పంచినవాళ్ళున్నారు. బరంపురం అంటే మా ఇచ్ఛాపురానికి పాతిక కిలోమీటర్లు. ఇంటి గుమ్మం దాకా వచ్చినట్టే అనుకున్నారు. తీరా వేళలు చూస్తే, ఇక్కడ మధ్యాహ్నం బయలుదేరి రాత్రి బాగా పొద్దుపోయాక బరంపురంలో దింపుతుంది. అటు నుంచి తెల్లవారకముందే బయలుదేరుతుంది. అర్ధరాత్రి దిగినవాడు పలాస, శ్రీకాకుళం రోడ్డు వైపు పాసింజరు కోసం స్టేషన్లో పడుకోవాలి. అటు నుంచి వచ్చేవాడు ముందు రాత్రే వచ్చి పడుకోవాలి. అంత ఖరీదైన బండి కొన్నవాళ్ళకి, దానికి ఎదురుగా ఒక మెము రైలుని ఇచ్ఛాపురం, పలాస మీదుగా నడిపే ఆలోచన రాలేదు. ఇటువైపు ఆగ్నేయ రైల్వే, అటువైపు తూర్పు కోస్తా రైల్వే, ఇప్పుడు విశాఖలో దక్షిణ కోస్తా జోను. జోన్లు పెరిగేకొద్దీ మధ్యలో సరిహద్దులు పెరుగుతున్నాయి. ప్రతి సరిహద్దు దగ్గరా "అది వాళ్ళది" అనే మాట తయారుగా ఉంటుంది.

సొంత గడ్డ మీద తెలుగువాళ్ళ సంగతీ ఇంతకన్నా బాగా లేదు. హైదరాబాదులో ఎంఎంటీఎస్ లోకల్ బళ్ళు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ తెరిచారు, నాలుగు వందల కోట్లకు పైగా పెట్టి. అద్దాల భవనం, ఎస్కలేటర్లు, అన్నీ ఉన్నాయి. సికింద్రాబాద్ మీద భారం తగ్గించాలని దూరపు బళ్ళని అక్కడికి మళ్ళించారు. ఆ బళ్ళ వేళలకి తగినన్ని ఎంఎంటీఎస్ లోకళ్ళు మాత్రం వేయలేదు. తెల్లవారుజామున దిగి లింగంపల్లి వైపు పోవలసిన మనిషికి రైలు టికెట్టు కన్నా ఆటో ఖర్చు ఎక్కువవుతోంది. అటు హౌరాలోనూ ఇదే కథ. చెన్నై పోయే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌ని షాలిమార్ స్టేషనుకి మార్చారు. ఇంకో బండిలో హౌరా చేరినవాడు దాన్ని పట్టుకోవాలంటే సామాను మోసుకుని బస్సో టాక్సీయో వెతుక్కోవాలి. బండిని ఎక్కడి నుంచి నడపాలో నిర్ణయించేటప్పుడు ప్లాట్‌ఫాం ఖాళీ చూస్తారు, ట్రాక్ ఖాళీ చూస్తారు. దిగినవాడు అక్కడి నుంచి ఎలా పోతాడని ఆ బల్ల దగ్గర అడిగేవాడు ఉండడు.

మనవాళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది. మన సంఘాలు ఎంపీ దగ్గరకి వెళ్ళినా, రైల్వే అధికారి దగ్గరకి వెళ్ళినా దండ వేసి అర్జీ ఇస్తాయి. అర్జీలో ఎప్పుడూ కొత్త బండి, కొత్త హాల్టు, ఉన్న బండి పొడిగింపు. కనెక్షన్ గురించి ఒక్క వాక్యం ఉండదు. కొత్త బండైతే జెండా ఊపవచ్చు, ఫోటో వస్తుంది. లోకల్ వేళకి ఖరగ్‌పూర్ చేరితే ఎవరూ ఫోటో తీయరు. అందుకే అధికారులకీ అది అక్కర్లేదు, నాయకులకీ అక్కర్లేదు. మనకి కావాలి కదా, మనమైనా అడగాలి కదా!

అడగవలసినవి పెద్ద కోరికలు కావు. జనరల్ టికెట్టుతో లోకల్లో వచ్చినవాడికి కూడా ఆ 2019 రూలు వర్తింపజేయండి. టికెట్టు మీద తేదీ, వేళ ముద్రించే ఉంటాయి, బండి ఎప్పుడు చేరిందో మీ కంప్యూటర్లోనే ఉంది, ఇంకేం రుజువు కావాలి? కనెక్షన్ తప్పినవాడిని అదే టికెట్టు మీద తర్వాతి బండిలో ఎక్కించే అధికారం ఖరగ్‌పూర్ స్టేషన్ మాస్టరుకి ఇవ్వండి. పది నిమిషాల్లోపు తేడా అయితే పై బండిని ఆపండి. నింపురాలో లోకల్ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, దానివల్ల ఎంతమందికి పై బండి తప్పింది, ఈ మూడూ రోజూ ప్లాట్‌ఫాం మీద బోర్డులో రాయండి, హిందీలో, బెంగాలీలో, తెలుగులో. ఇవేవీ చేయలేమంటే ఎందుకు చేయలేరో కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి. ఆ సంతకం ఏ డివిజన్‌దో, ఏ జోన్‌దో, ఏ అధికారిదో మాకు తెలియాలి.